పాటను వినుట, పాటను దాచుట: సంగీతసంగ్రహ చరిత్రమున ఒక విచారము

కావ్యచరిత్ర వ్రాయువానికి తాళపత్రప్రతి యెట్టిదో, గేయచరిత్ర వ్రాయువానికి ధ్వనిముద్రణ మట్టిది. ప్రతి యెవరియొద్ద నున్నది, దానిని చూచుట కెవరి యనుమతి కావలెను అను ప్రశ్నలు గ్రంథపరిష్కర్తలకు చిరపరిచితములు. పాట విషయమున నీ ప్రశ్నలు నేడు క్రొత్త రూపమున తలయెత్తినవి. నెలకింత యని చందా చెల్లించి, ఒక సంస్థవారి భాండారమునుండి ఇంటర్నెట్టు ద్వారా పాటను వినుట యొక పద్ధతి. దీనినే స్ట్రీమింగు అనుచున్నారు. ప్లేట్లు, క్యాసెట్లు, సీడీలు, ఫైళ్లు కొని తనవిగా దాచుకొనుట రెండవది. ఈ రెంటిలో నేది మేలన్న చర్చ సాధారణముగా సౌకర్యము, వెల అను రెండు మాటలతో ముగియుచున్నది. దానిని చరిత్రదృష్టితో పరిశీలింపవలెనని మా సంకల్పము. ఏలయన, నేడు మనము పాటను దాచు తీరునుబట్టియే రేపటి పరిశోధకునకు ఆధారములు మిగులును.

దాచుట యన్నంతనే తెలుగువారికి మొదట స్ఫురించునది తిరుమల సంకీర్తనభాండారము. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) 32,000 సంకీర్తనములు రచించిరని వారి మనుమడు చిన్నన్న తన ద్విపదకృతిలో చెప్పియున్నాడు. అందు సగమునకు లోబడియే నేడు రాగిరేకులపై లభించినవి. 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన ఎ.డి. క్యాంప్‌బెల్, తిరుపతిలో రేకులపై వ్యాకరణ మొకటి కలదని విని వానిని పరీక్షింపజేయగా, స్తోత్రగీతములే కనబడినవని వ్రాసెను. వెదకినది వ్యాకరణము కావున పాట లాతనికి పనికిరానివైనవి! అటుపిమ్మట నూఱేండ్లకు మించి గడచినగాని సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగార్ల వంటివారి కృషిచే ఆ సంపద లోకమునకు తెలియలేదు.

ఇచట గమనింపవలసిన విషయ మొకటి కలదు. రేకులపై పాట మొదట రాగము పేరున్నది, సాహిత్యమున్నది, స్వరలిపి లేదు. పాడువారి పరంపర యెచటనో తెగిపోయినది. కావున నేడు మనము వినుచున్న అన్నమయ్య పాటల వరుసలలో అధికభాగము ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లివారును, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ప్రభృతులును కూర్చినవే. రాగి మాటను నిలిపినది, బాణీని నిలుపలేకపోయినది. వినబడనిది యెంత భద్రముగా దాచబడినను సగమే దక్కునని దీనివలన తేలుచున్నది.

త్యాగరాజస్వామి (1767–1847) కృతుల చరిత్ర దీనికి విపర్యయము. అవి మొదటినుండియు శిష్యుల గొంతులలో ప్రవహించినవి. ప్రవాహము తెగలేదు కాని, శాఖలు చీలినకొలది పాఠములు చీలినవి. ఏది మూలమునకు దగ్గఱయని తేల్చుటకు మరల వ్రాతప్రతులే శరణ్యమైనవి. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు, వారి కుమారులు కృష్ణస్వామి భాగవతులు వ్రాసి యుంచిన ప్రతులు మధుర సౌరాష్ట్రసభకు చేరుటచేతనే పరిశోధకు లీనాడు వానిని సంప్రదింపగలుగుచున్నారు. 1904లో ఎట్టయపురమునుండి తెలుగున వెలువడిన సుబ్బరామదీక్షితుల సంగీతసంప్రదాయప్రదర్శిని దీక్షితకృతులకు చేసిన మేలు సుప్రసిద్ధమే.

మాటను రేకుపైని, స్వరమును కాగితముపైని దాచిరి. గొంతును దాచుట గ్రామఫోనుతో గాని సాధ్యపడలేదు. 1902లో గ్రామఫోన్ కంపెనీ పక్షమున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో చేసిన ముద్రణములతో మన దేశమున నీ వ్యాపారము బలపడెను. 1908లో ఆ కంపెనీ కలకత్తాలోనే ప్లేట్ల కర్మాగారమును నెలకొల్పెను. పది అంగుళముల ప్లేటు నిమిషమునకు 78 మాఱులు తిరుగును. ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషముల గానము పట్టును. రంగస్థలముపై శ్రోతలు వన్స్‌మోర్ అన్నకొలది సాగెడి పద్యము ఈ మూడు నిమిషములకు కుదించుకొనవలసివచ్చెను. నాటకపద్యముల రాగాలాపన రికార్డులలో ఏల అంత బిగువుగా నున్నదని యడుగు విద్యార్థులకు ఇదియే సమాధానము. గాయకుని శైలిగా భావింపబడునది కొన్నిచోట్ల ప్లేటు కొలతయే.

గ్రామఫోను ప్లేటు వినువాని సొత్తు. దానిని అరువీయవచ్చును, అమ్మవచ్చును, వారసులకు విడువవచ్చును. శంకరంబాడి సుందరాచారిగారి తెలుగుతల్లి గీతము, సినిమాకై వ్రాయబడి అందు చేరకపోయినను, టంగుటూరి సూర్యకుమారి పాడిన ప్లేటు మూలముననే యింటింటికి చేరెను. తరువాత అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమయ్యెను.

పరిశోధకుని దృష్టిలో ప్లేటునకు మఱియొక విలువ కలదు. నడుమనున్న చీటిపై గాయకుని పేరు, పాట మొదలు, పట్టిక సంఖ్య ముద్రితమై యుండును. చీటి ప్రక్కన నున్న ఖాళీ వలయమున చెక్కబడిన మాతృకాసంఖ్యనుబట్టి ముద్రణకాలమును చాలవఱకు నిర్ణయింపవచ్చును. ఒకే పాటను ఒకే గాయకుడు రెండు మాఱులు పాడిన యెడల ఈ సంఖ్యయే వానిని వేఱుపఱచును. తాళపత్రమునకు గద్య యెట్టిదో ప్లేటునకు ఈ సంఖ్య అట్టిది.

ఇక ప్రవాహమువైపు మరలుదము. పాటను ఇంటికి పంపి చందా తీసికొనుట నేటి యూహ కాదు. 1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆదేర్ నాటకశాలలోని గానమును టెలిఫోను తీగెలద్వారా వినిపించెను. 1890లో దానికై ఏర్పడిన కంపెనీ చందాదారుల యిండ్లకు సంగీతము నందించుచు 1932 వఱకు నడచెను. దానిని అణచినది రేడియో. మనకు మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రారంభమైనవి. ఆ రోజులలో రేడియోపెట్టె యున్నవారు ఏటేట లైసెన్సు రుసుము చెల్లింపవలసి యుండెను. అనగా చందా చెల్లించి వినుట, వినినదానిపై హక్కు లేకుండుట మన తాతలకే యలవాటు.

రేడియో చేసిన యుపకారమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. లలితగీతము, భక్తిరంజని, యక్షగానము గ్రామములకు చేరినది దాని మూలముననే. ఆంధ్రవాగ్గేయకారచరిత్రము వ్రాసిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆకాశవాణి యుద్యోగియే గదా. అయినను ఆ గానములో పెక్కుభాగము గాలిలో పుట్టి గాలిలో పోయినది. ప్రత్యక్షప్రసారములు కొన్నిగాని టేపున కెక్కలేదు. 1963లో ఫిలిప్స్ క్యాసెట్టు వెలువడి, అది చౌకయై యిండ్లకు చేరిన పిమ్మట రసికులు రేడియో ముందు కూర్చుండి ముద్రించుకొనిన టేపులే కొన్ని కచేరీలకు నేడు ఏకైకప్రతులు.

అయితే సేకరణకర్తల నందఱను కీర్తించుటకును మేము సిద్ధముగా లేము. మేము చూచిన కొన్ని సేకరణలలో ప్లేట్లు వరుసగా పేర్చబడి, తాళము వేయబడి, యితరులు తాకుటకే వీలులేక యుండెను. గృహస్థుడు గతించిన పిమ్మట వారసులు వానిని తూకమున కమ్మిన సందర్భములును కలవు. లక్కతో చేయబడిన ప్లేటు చేయి జాఱిన ముక్కలగును. వినిపింపని స్వామ్యము సంకీర్తనభాండారపు గోడవంటిదే.

స్ట్రీమింగు చరిత్ర స్వల్పము. 2003లో ఆపిల్ సంస్థ పాటను ఫైలుగా విక్రయించు దుకాణమును తెఱచినది. 2008లో స్వీడనునుండి స్పాటిఫై ప్రారంభమైనది. మన దేశమునకది 2019లో వచ్చినది. అంతకుముందే గానా, సావన్ మున్నగునవి యిచట నుండెను. 2023 నాటికి ప్రపంచమున ధ్వనిముద్రణ వ్యాపారపు రాబడిలో మూడింట రెండువంతులు స్ట్రీమింగువలననే వచ్చుచుండెను. మండలకేంద్రమున నున్న విద్యార్థి ఒకనాడు సేకరణకర్త గుమ్మమున పడిగాపులు పడి వినవలసిన పాటను నేడు చేతిఫోనులో వినుచున్నాడు. ఇది సామాన్యమైన లాభము కాదు.

నష్ట మెచట నున్నదనగా: చందాదారుడు కొనునది పాట కాదు, ఆ నెలకు వినుటకు అనుమతి. గూగుల్‌వారి ప్లే మ్యూజిక్ 2020లో మూతపడెను. రెస్సో 2024 జనవరి 31తో మన దేశమున నిలిచిపోయెను. అదే సంవత్సరమున ఎయిర్‌టెల్‌వారు వింక్‌ను మూసివేయుచున్నట్లు ప్రకటించిరి. పూర్వపు హెచ్.ఎం.వి. పాటలకు హక్కుదారైన సారెగామాకును స్పాటిఫైకిని 2019లో వివాదము కలిగి ఢిల్లీ హైకోర్టున కెక్కగా ఆ పాటలు తొలగింపబడినవి. 2020లో ఒప్పందము కుదిరిన పిమ్మటగాని తిరిగి రాలేదు. ఆ కాలమున వానిని ఉదాహరించి వ్రాయువా డేమి చేయవలెను? కళాకారులు తామే చేర్చిన పాటలను 2003 నుండి 2015 వఱకు పండ్రెండేండ్లు నిలువచేసిన మైస్పేస్, యంత్రముల మార్పిడిలో అవి పోయినవని 2019లో తెలిపినది. పోయినవి 5 కోట్లకు పైబడిన పాటలని యంచనా.

పరిశోధనకు ఇంతకంటె సూక్ష్మమైన హాని మఱియొకటి కలదు. స్ట్రీమింగు పట్టికలలో పాత పాటకు తఱచుగా పునఃప్రచురణ సంవత్సరమే వేయబడుచున్నది. మాతృకాసంఖ్య కనబడదు. రెండు ముద్రణములు ఒక్కటిగా కలిసిపోవుటయు, గాయకుని పేరు తారుమాఱగుటయు కలదు. సినిమాలోని పాటకును ప్లేటుపై వచ్చిన పాటకును చరణములలో భేదమున్నచోట, ప్లేటు పాఠమే సాధారణముగా వినబడుచున్నది. తొలి టాకీల విషయమున పోల్చి చూచుటకు చిత్రమే లేదు. భక్తప్రహ్లాద (1932) ప్రతియే లభించుట లేదు. గద్య చెఱిపివేసిన తాళపత్రమును పరిష్కర్త చేతికిచ్చినట్లే యిది.

శాసనస్థితిని గూర్చి పరిశోధకులు తఱచుగా పొరబడుచున్నారు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణముపై హక్కు, అది ప్రచురితమైన మఱుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు నిలుచును. అనగా 1964 వఱకు వెలువడిన ప్లేట్లపై ఆ హక్కు తీఱిపోయినది; రచనపైని, స్వరకల్పనపైని గల హక్కులు వేఱుగా నుండవచ్చును. ఈ స్వేచ్ఛ ప్లేటు చేతనున్నవానికి మాత్రమే యుపయోగించును. చందాతో వినువాని చేత ప్రతియే లేదు గనుక, కాలము తీఱిన హక్కు తీఱినను తీఱకున్నను వానికి ఒక్కటే. మఱియు 1954 నాటి చట్టము ప్రచురితగ్రంథములను జాతీయగ్రంథాలయము మున్నగువానికి సమర్పింపవలెనని విధించినది. పాట కట్టి నియమము లేదు. 1982లో స్థాపితమై గుర్‌గావ్‌న నున్న మానవసంగీతశాస్త్ర పరిశోధనకేంద్రము వంటివి స్వచ్ఛందముగా చేయుచున్న సేకరణయే దిక్కు.

కావున నిత్యశ్రవణమునకు చందా చెల్లించుటలో దోషమేమియు మాకు కనబడదు. తాను దేనినిగూర్చి వ్రాయుచున్నాడో దాని ప్రతిని మాత్రము పరిశోధకుడు సంపాదించి తీరవలెను. సంపాదించినదానిని గ్రంథాలయమున కీయవలెను. సిద్ధాంతవ్యాసములలో గేయమును పేర్కొనునపుడు గాయకుని పేరు, కంపెనీ, పట్టిక సంఖ్య, కనబడినచో మాతృకాసంఖ్య, ప్రతి యున్నచోటు నిచ్చుట మంచిది. చందామీద విన్నదైనచో విన్న తేదీని చేర్చవలెను. కంపెనీవారు ఆనాడు తెలుగున అచ్చువేసిన రికార్డుల పట్టికలు పాత యిండ్లలో ఇంకను అక్కడక్కడ దొరకుచున్నవి. ప్లేట్లకంటె ముందుగా చెదలకు చిక్కునవి అవియే.