పడిశం పది రోగాల పెట్టు

దోమలగూడలో వానలు మొదలయ్యాయంటే మా ఇంట్లో తుమ్ములు మొదలైనట్టే. అత్తమ్మ సర్ది అంటారు, మా అమ్మ పడిశం అంటుంది, పిల్లలు కోల్డ్ అంటారు. పేరేదైనా కిటికీ గూట్లోంచి దిగేవి రెండే సీసాలు: అమృతాంజనం, జిందా తిలిస్మాత్.

మొదటిది పుట్టింటి నుంచి నాతో వచ్చింది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టారు. కచేరీలకు వచ్చినవాళ్లకు ఉచితంగా పంచి అలవాటు చేశారట. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. మన తలనొప్పులు ఒక తెలుగు పత్రికను నిలబెట్టాయన్నమాట!

రెండోది అత్తమ్మది, పక్కా హైదరాబాదీ. 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ తయారుచేసిన యూనానీ మందు. నీలగిరి తైలం, కర్పూరం ఘాటు గుప్పుమంటుంది. వేడినీళ్లలో రెండు చుక్కలు వేసుకునే వాళ్లు ఈ ఊళ్లో ఏ మతంలో లేరు చెప్పండి?

ఈ రెండూ పుట్టేనాటికి జలుబు ఎందుకు వస్తుందో ఎవరికీ సరిగా తెలియదు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం తెరిచారు. మనుషుల ముక్కుల్లో కావాలని జలుబు చుక్కలు వేసి చూసేవారు. కొందరిని తడిపి చలిగాలిలో నిలబెట్టారు కూడా. తడిసినందువల్ల జలుబు ఎక్కువగా వచ్చినట్టు తేలలేదు. జలుబు తెచ్చే వైరస్‌లలో ముఖ్యమైన రైనోవైరస్ 1950లలో దొరికింది. మందు మాత్రం దొరకలేదు. ఆ కేంద్రం 1990లో మూతపడింది.

ఇదంతా నేను తెలుసుకున్నది ఒక తప్పు చేశాక. రెండేళ్ల క్రితం చిన్నదానికి పరీక్షల ముందు జలుబు చేసింది. పెద్దవాడికి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి. త్వరగా తగ్గుతుందని నేనే వేశాను. జలుబు తగ్గలేదు సరికదా, వాంతులు, విరేచనాలతో పిల్ల వాడిపోయింది. "ఆ మాత్రలు బ్యాక్టీరియాకమ్మా, జలుబు వైరస్‌ని అవి ఏమీ చెయ్యవు" అన్నారు డాక్టరమ్మ. అత్తమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. మిరియాల చారు కాచి, దాని పక్కన కూర్చున్నారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మందేస్తే వారం, వెయ్యకపోతే ఏడు రోజులు అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. వందేళ్లు దాటిన ఆ సీసాలు కూడా జలుబును చంపవు. ఆ వారం రోజులూ కాస్త హాయిగా గడిచేలా చేస్తాయి, అంతే. నేను ఆ వారం ఆగలేకపోయాను.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. గోరువెచ్చని నీళ్లు, ఉప్పునీటితో పుక్కిలింత, నిద్ర, మాటిమాటికీ చేతులు కడుక్కోవడం. ఏడాది దాటిన పిల్లలకైతే దగ్గుకు చెంచాడు తేనె. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఉన్నవి రాయకండి. మరిగే నీళ్ల గిన్నె పిల్లల దగ్గర పెట్టకండి. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు, నీళ్లు తాగకపోయినా ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

మిగిలిన మాత్రలు దాచే డబ్బా ఇప్పుడు మా ఇంట్లో లేదు. సీసాలు రెండూ ఉన్నాయి.