ఫ్లై రాడ్ వెయిట్

ఫ్లై రాడ్ వెయిట్ అనగా కృత్రిమ ఈగతో చేపలు పట్టే గాలపు కర్రపై ముద్రించే సంఖ్య. ఇది కర్ర బరువు కాదు. ఆ కర్రకు ఎంత బరువైన దారం సరిపోతుందో ఈ సంఖ్య తెలుపుతుంది. మామూలు గాలంలో ఎర, సీసపు గుండుల బరువు దారాన్ని వెంట లాక్కుపోతుంది. ఈకలు, పోగులతో పురుగును పోలేట్లు కట్టిన ఈగకు బరువు దాదాపు ఉండదు కనుక, ఇక్కడ దారపు బరువే కర్రను వంచి ఈగను దూరానికి చేరుస్తుంది.

పూర్వం పట్టు దారాలను మందాన్ని బట్టి అక్షరాలతో గుర్తించేవారు. నైలాన్, ప్లాస్టిక్ దారాలు వచ్చాక మందం ఒకటే అయినా బరువులు వేరుగా ఉండడంతో ఆ పద్ధతి పనికిరాకపోయింది. అందువలన అమెరికాలో దారపు మొదటి 30 అడుగుల బరువును ప్రమాణంగా తీసుకున్నారు. ఆ ప్రకారం 3వ సంఖ్య దారం 100 గ్రెయిన్లు (6.5 గ్రాములు), 4వది 120, 5వది 140 (9.1 గ్రాములు), 6వది 160 గ్రెయిన్లు తూగుతుంది.

నదులలో ట్రౌట్ చేపలకు 9 అడుగుల పొడవు గల 5వ సంఖ్య కర్రను ఎక్కువగా వాడుతారు. చెట్లు కమ్ముకున్న చిన్న వాగులలో చిన్న ఈగలకు 3 లేదా 4 చాలును. కశ్మీరులోని లిద్దర్ వంటి వడిగల నదులలో ఎదురుగాలి వీచినపుడు, బరువైన ఈగలు వేసేటపుడు 6 మేలు. కొత్తవారు చేప పరిమాణాన్ని మాత్రమే చూసి కర్రను ఎన్నుకొంటారు గాని, ఈగ బరువు, గాలి అంతకంటే ముఖ్యం. అయితే మరీ తేలిక కర్రతో పెద్ద చేపను ఒడ్డుకు తేవడానికి చాలాసేపు పడుతుంది. అలా అలసిన ట్రౌట్, ముఖ్యంగా నీరు వెచ్చగా ఉన్నపుడు, తిరిగి వదిలినా చనిపోవచ్చు.