అరగడమే పనిగా: కారు బ్రేకు డిస్కు, ప్యాడుల చరిత్ర

కారును ఆపడమంటే దాని వేగాన్ని వేడిగా మార్చడం. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో సుమారు 4.6 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసి ఆపితే, ఒకటిన్నర లీటర్ల నీళ్లను మరిగించగల ఆ వేడి అంతా కొన్ని సెకన్లలో బ్రేకుల్లోకి దిగుతుంది. ఆపేటప్పుడు బరువు ముందుకు వాలుతుంది కనుక అందులో పెద్ద వాటా ముందు చక్రాలదే. దాన్ని భరించేవి చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప డిస్కు, దాన్ని ఇరువైపులా నొక్కే ప్యాడ్లు. రెండూ అరిగేవే, అరగడమే వాటి పని. అరిగినవాటి స్థానంలో ఏవి వేయాలో తేల్చుకోవడానికి ఇవాళ పెట్టె మీద, ప్యాడు అంచున, డిస్కు మీద అక్షరాలూ అంకెలూ ఉంటాయి. నూరేళ్లకు పైగా ఎదురైన వైఫల్యాలు నేర్పిన పాఠాలే ఆ గుర్తులుగా మారాయి.

గుర్రపు బండ్ల కాలంలో ఇనుప పట్టా వేసిన చక్రానికి చెక్క దిమ్మెను నొక్కితే సరిపోయేది. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ కొండ దారుల్లో బండివాళ్లు ఆ దిమ్మెలకు పాత బూట్లు కట్టుకుని వాలు దిగేవారని, అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్‌కు అంతకంటే మంచి రాపిడి పదార్థం తయారు చేయాలన్న ఆలోచన వచ్చిందని చెబుతారు. ఆయన 1897లో మొదలుపెట్టిన పనే తర్వాత ఫెరోడో సంస్థ అయింది. తొలి లైనింగులు నూలు వంటి నారతో నేసి, జిగురు పదార్థాలు పట్టించిన పట్టీలు. అవి పట్టు బాగా ఇచ్చేవి కానీ మోటారు వాహనాల వేడికి మాడిపోయేవి. 1908 నాటికి ఫ్రూడ్ నూలు బదులు రాతినార, అంటే ఆస్బెస్టాస్ వాడడం మొదలుపెట్టాడు. వేడికి మాడని, చవకగా దొరికే ఆ నార తర్వాతి ఏడు దశాబ్దాలకు పైగా బ్రేకు లైనింగుల్లో ప్రధాన పదార్థమైంది.

డిస్కు బ్రేకు కూడా ఆ రోజుల్లో పుట్టిందే. బర్మింగ్‌హామ్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో దానికి పేటెంటు తీసుకున్నాడు. సన్నని లోహపు పళ్లేన్ని రెండు వైపుల నుంచి నొక్కి ఆపాలన్న సూత్రం సరైనదే. కానీ నొక్కడానికి ఆయన వాడింది రాగి. లోహం మీద లోహం రాచుకుని చెవులు చిల్లులు పడేలా కీచుమనేది. ఆనాటి మట్టి రోడ్ల దుమ్ము చేరి రాగి త్వరగా అరిగిపోయేది. అదే 1902లో ఫ్రాన్స్‌లో లూయీ రెనో డ్రమ్ము బ్రేకుకు రూపమిచ్చాడు. మూసి ఉన్న డ్రమ్ములోకి దుమ్ము తక్కువగా చేరుతుంది. పైగా డ్రమ్ము తిరుగుడే లోపల లైనింగు బిగించిన షూను తనవైపు లాక్కుంటుంది కనుక పెడల్ మీద తక్కువ బలం చాలు. అందుకే తర్వాతి యాభై ఏళ్లు డ్రమ్ముదే రాజ్యం.

ఆ యాభై ఏళ్లలో లైనింగు మార్చడం ఒక చేతివృత్తిగా నిలబడింది. షూ నుంచి పాత రివెట్లు కొట్టి తీసి, కొత్త పట్టీని కొలతకు కోసి, రివెట్లు దిగగొట్టి, అంచులు అరగదీసేవారు. గీతలు పడిన డ్రమ్మును లేత్ మీద పెట్టి లోపలి ముఖం చెక్కేవారు. ఇనుప షూ, డ్రమ్ము ఏళ్ల తరబడి వాడుకలో ఉండేవి. మారేది లైనింగు ఒక్కటే. ఏ రకం పట్టీ వేయాలి, ఎంత మందం ఉండాలి అన్నది పనివాడి అనుభవం తేల్చేది.

అయితే కార్ల వేగం పెరిగేకొద్దీ డ్రమ్ము లోపం బయటపడింది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది, లైనింగు పట్టు సడలుతుంది, పెడల్ అడుగంటా దిగుతుంది. పొడవాటి ఘాట్ రోడ్డు దిగే డ్రైవరుకు అది ప్రాణాపాయం. డిస్కు సంగతి వేరు. అది గాలికి తెరుచుకుని ఉంటుంది, వేడికి ప్యాడు వైపే ఉబ్బుతుంది, నీళ్లు పడితే తిరుగుతూ విదిలించేస్తుంది. విమానాల చక్రాల కోసం డిస్కు బ్రేకులు తయారు చేస్తున్న డన్‌లప్ సంస్థ వాటిని జాగ్వార్ రేసు కార్లకు అమర్చింది. 1952లో ఫ్రాన్స్‌లోని రీమ్స్ పందెంలో స్టిర్లింగ్ మాస్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సీ-టైప్‌తో గెలిచాడు. 1953లో ల మాన్స్ 24 గంటల పందెంలో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన సీ-టైప్ సగటున గంటకు 170 కిలోమీటర్ల వేగంతో మొదటి స్థానంలో నిలిచింది. ఆరు కిలోమీటర్ల తిన్నని దారి చివర ప్రతిసారీ తీవ్రంగా బ్రేకు వేయాల్సిన ఆ పందెంలో, డ్రమ్ము బ్రేకుల ప్రత్యర్థుల కంటే ఆలస్యంగా బ్రేకు వేయగలగడం, చివరి గంటల్లోనూ అదే పట్టు దొరకడం ఆ గెలుపుకు ముఖ్య కారణాలు.

మామూలు కార్లలోకి వచ్చేసరికి ఒక చేదు అనుభవమూ తప్పలేదు. అమెరికాలో 1949లో క్రాస్లీ చిన్న కారుకు నాలుగు చక్రాలకూ డిస్కులు వేశారు. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వాటిని తుప్పు పట్టించి బిగుసుకుపోయేలా చేయడంతో త్వరలోనే మానేశారు. 1955లో పారిస్ ప్రదర్శనలో విడుదలైన సిట్రోయెన్ డీఎస్ ముందు డిస్కులతో పెద్ద సంఖ్యలో తయారైన తొలి కారు. మరుసటి ఏడాది ట్రయంఫ్ టీఆర్3కి గర్లింగ్ సంస్థ డిస్కులు వచ్చాయి. భారతదేశంలో తొలినాటి అంబాసిడర్ నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే నడిచింది. టీవీఎస్, బ్రిటన్‌కు చెందిన లూకాస్ సంస్థలు కలిసి 1962లో మద్రాసులో బ్రేక్స్ ఇండియాను స్థాపించాయి. 1964లో అక్కడే రాణే బ్రేక్ లైనింగ్ మొదలై, తర్వాత హైదరాబాద్‌లోనూ ఫ్యాక్టరీ పెట్టింది.

డిస్కుతో పాటు రిపేరు పద్ధతీ మారింది. ప్యాడు ఫ్యాక్టరీలోనే ఉక్కు పలకకు అతికి వస్తుంది. అరిగితే పలకతో సహా పారేయడమే. రివెట్లు కొట్టే పని పోయింది, మెకానిక్ చేతికి సీలు వేసిన పెట్టె వచ్చింది. లోపలి పదార్థం ఏమిటో చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు కనుక పనివాడి అనుభవం స్థానంలో ప్రమాణాలు అవసరమయ్యాయి.

అమెరికాలో ప్యాడు అంచున అచ్చు వేసే రెండక్షరాల కోడ్ వాటిలో ఒకటి. మొదటి అక్షరం మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్ని, రెండోది ఎక్కువ వేడిలో దాన్ని చెబుతుంది. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. ఎఫ్ఎఫ్ అని ఉంటే వేడెక్కినా పట్టు అదే శ్రేణిలో ఉంటుంది. జీఈ అని ఉంటే చల్లగా ఉన్నప్పుడు గట్టిగా పట్టి, వేడెక్కాక సడలుతుంది. ఈ అక్షరాలు ఘర్షణను మాత్రమే చెబుతాయి, మన్నికను చెప్పవు. యూరప్ వైపు ఆర్90 నిబంధన ఇంకో అడుగు వేసింది: మార్పిడి ప్యాడు పనితీరు, కారుతో వచ్చిన అసలు ప్యాడుకు 15 శాతానికి మించి అటూ ఇటూ ఉండకూడదు. మరీ మెత్తగా పట్టేదే కాదు, మరీ గట్టిగా పట్టేదీ ప్రమాదమే. ముందు, వెనుక చక్రాల మధ్య సమతూకం చెడితే కారు పక్కకు జారుతుంది.

పదార్థాన్ని మార్చిన పెద్ద కారణం ఆరోగ్యం. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలాక బ్రిటన్ 1999లో దాన్ని పూర్తిగా నిషేధించింది, యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ 2005 నాటికి ఆ దారి పట్టాయి. భారతదేశంలో పూర్తి నిషేధం లేదు కనుక పెట్టె మీద ఆస్బెస్టాస్ లేదన్న మాట చూసి కొనడం, పాత బ్రేకు ధూళిని గాలి పైపుతో ఊదకపోవడం మెకానిక్ ప్రాణానికి రక్ష. ఆస్బెస్టాస్ స్థానంలో మూడు రకాలు స్థిరపడ్డాయి. ఉక్కు పీచు ఎక్కువగా ఉండే సెమీ-మెటాలిక్ వేడిని బాగా తట్టుకుంటుంది, కానీ డిస్కును ఎక్కువ అరగదీస్తుంది, కొంత చప్పుడు చేస్తుంది. ఆర్గానిక్ మెత్తగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది, త్వరగా అరుగుతుంది. సిరామిక్ ధూళి తక్కువ రాలుస్తుంది, ఎక్కువ కాలం వస్తుంది, ధర ఎక్కువ. ఊళ్లో తిరిగే కారుకు ఒకటి, బరువుతో ఘాట్లు దిగే బండికి మరొకటి సరిపడుతుంది.

డిస్కు మీద చూడాల్సింది కనీస మందం. కొత్తగా 22 మిల్లీమీటర్లున్న డిస్కుకు 20 దగ్గర హద్దు గీస్తారు. అంటే మొత్తం అరుగుదలకు ఉన్నది రెండే మిల్లీమీటర్లు. డిస్కు వెలుపలి అంచున అరగని గట్టు మిగులుతుంది. మామూలు కాలిపర్స్‌తో పట్టి చూస్తే ఆ గట్టు మందమే వస్తుంది. అందుకే ప్యాడు తాకే దారి మధ్యలో మైక్రోమీటరు పెట్టి, చుట్టూ అనేక చోట్ల కొలుస్తారు. పాత డ్రమ్ముల్లా లేత్ మీద చెక్కించే అలవాటు కొనసాగినా, హద్దు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు కొత్తది వేయడమే మేలు. హబ్ మీద తుప్పు తుడవకుండా బిగిస్తే డిస్కు వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు మందం హెచ్చుతగ్గులై పెడల్ అదురుతుంది. ఒకే ఇరుసుకున్న రెండు డిస్కులూ కలిపి, కొత్త ప్యాడ్లతోనే మార్చాలి. రేసు కార్ల నుంచి వచ్చిన రంధ్రాల డిస్కు, పాతకాలపు ప్యాడ్ల నుంచి వెలువడే వాయువు తప్పించుకోవడానికి పుట్టింది. మామూలు కారులో ఆ అవసరం లేదు, పైగా పోత ఇనుములో పగుళ్లు రంధ్రాల దగ్గరే మొదలవుతాయి.

ఇటీవలి నిబంధనలు రాలే ధూళి మీద దృష్టి పెట్టాయి. ప్యాడ్లలోని రాగి వాన నీటితో వాగుల్లో చేరి సాల్మన్ చేపల వాసన పసిగట్టే శక్తిని దెబ్బతీస్తోందని వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. పెట్టె మీద ఎన్ అక్షరం ఉంటే రాగి 0.5 శాతం లోపేనని అర్థం. యూరప్ 2024లో ఆమోదించిన యూరో 7 బ్రేకు ధూళికి తొలిసారి హద్దు పెట్టింది: పెట్రోలు, డీజిల్ కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకు 3. బ్యాటరీ కారులో మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది కనుక బ్రేకుల వాడకం తక్కువై డిస్కు తుప్పు పడుతోంది. అందుకే ఫోక్స్‌వాగన్ ఐడీ.3 వంటి కార్లకు వెనుక చక్రాలకు డ్రమ్ములే వేశారు. అరుగుదల తగ్గిన కార్లకు తుప్పు పట్టని పూత ఉన్న డిస్కులు, ధూళి తక్కువ రాల్చే ప్యాడ్లు వస్తున్నాయి. కొనేవారు ఆపే శక్తి, మన్నిక, చప్పుడులతో పాటు ఇకపై ఈ రెండూ చూసుకోవాలి.