ఆదివారం రాత్రి, రేస్ కోర్స్ రోడ్డు

ఆడియోలో గబగబా చెప్పేసిన సంగతిని ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను. కథ సింగపూర్‌ది. అయినా దుబాయ్‌లో, కువైట్‌లో, మలేషియాలో ఉన్నవాళ్లు కూడా చదవండి. వారమంతా పనిచేసి, సెలవు రోజు సాయంత్రం దోస్తులతో టౌన్‌కి పోవడం మనందరికీ ఒకటే కదా.

ముందు మా సొంత ముచ్చట ఒకటి.

2016లో ఒక ఆదివారం మేం నలుగురం లిటిల్ ఇండియా వెళ్లాం. ఇంటికి డబ్బు పంపించాం, ఫోన్లు టాప్-అప్ చేసుకున్నాం, కడుపునిండా అన్నం తిన్నాం. సాయంత్రం ఆరున్నరకు ఒక షాపులో నాలుగు బీరు డబ్బాలు కొని, రేస్ కోర్స్ రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని మూతలు తీశాం. రెండు గుటకలు పడ్డాయో లేదో, ఇద్దరు పోలీసులు వచ్చి నిలబడ్డారు. వర్క్ పర్మిట్ కార్డులు అడిగారు, నంబర్లు రాసుకున్నారు, డబ్బాలు పారబోయించారు. ఇక్కడ శని, ఆదివారాలు బయట తాగకూడదని బోర్డు కూడా ఉంది, చూడలేదా అన్నారు. బోర్డు నిజంగానే ఉంది. మేమే చదవలేదు. గట్టిగా చెప్పి వదిలేశారు.

మాలో నిజామాబాద్ తమ్ముడు ఒకడు వచ్చి అప్పటికి నాలుగు నెలలే. తిరుగు బస్సులో వాడు ఒకటే మాట: "అన్నా, ఇంటికి పంపిస్తరా? అప్పు ఇంకా సగం కూడ తీరలే."

అప్పుడు మాతో ఉన్న శ్రీకాకుళం అన్న చెప్పాడు. ఆయన చాలా ఏళ్లుగా సింగపూర్‌లోనే ఉన్న మనిషి. "మూడేళ్ల కిందటైతే అదే గడ్డిలో రాత్రి దాకా కూర్చునేవాళ్లం తమ్ముడూ. ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఒక్క రాత్రి అంతా మారిపోయింది."

ఆ ఒక్క రాత్రి సంగతే ఈ వారం కథ.

పేర్లలో దాగిన పాత సంగతులు

మనం సెలవు రోజు తిరిగే వీధుల పేర్లను ఎప్పుడైనా గమనించారా? రేస్ కోర్స్ రోడ్డు అంటే అక్కడ నిజంగానే గుర్రప్పందేల మైదానం ఉండేది. 1840ల్లో తెల్లదొరల కోసం మొదలైంది. 1933లో దాన్ని బుకిట్ తిమాకి మార్చారు, పేరు మాత్రం ఇక్కడే మిగిలింది. దగ్గర్లోనే బఫెలో రోడ్డు, కెర్బావ్ రోడ్డు ఉన్నాయి. మలయ్ భాషలో కెర్బావ్ అంటే కూడా గేదే. రెండు వీధులూ గేదెల పేరు మీదే ఉన్నాయంటే ఆ రోజుల్లో అక్కడ ఎన్ని పశువులు ఉండేవో ఊహించుకోండి.

రోచోర్ నది దగ్గర కాబట్టి పల్లపు నేల, నీళ్లు, గడ్డి పుష్కలంగా దొరికేవి. అందుకే 19వ శతాబ్దంలో పశువుల వ్యాపారం ఇక్కడ స్థిరపడింది. పశువులు కాసేవాళ్లు, పాలు పితికేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు ఎక్కువగా మన దేశం నుంచి వచ్చినవాళ్లే. ఇటుక బట్టీలు, సున్నం బట్టీలు కూడా ఈ చుట్టుపక్కలే నడిచాయి.

అంతకన్నా ముందే, 1825 నుంచే, బ్రిటిష్‌వాళ్లు భారతీయ ఖైదీలను సింగపూర్ తెచ్చి పనిచేయించారు. సెయింట్ ఆండ్రూస్ చర్చి, ఇప్పుడు దేశాధ్యక్షుడి భవనంగా ఉన్న ఇస్తానా, రెండూ ఆ ఖైదీల చెమటతో లేచినవే. అంటే ఈ ఊరిని కట్టిన చేతుల్లో మన దేశం చేతులు మొదటి నుంచీ ఉన్నాయి.

మనుషులు ఎక్కడ చేరితే అక్కడికి గుడి వస్తుంది, హోటల్ వస్తుంది. సెరంగూన్ రోడ్డు మీది శ్రీనివాస పెరుమాళ్ గుడి 1850ల్లో మొదలైంది. అదే రోడ్డు మీద కోమల విలాస్ హోటల్ 1947లో తెరిచారు. ముస్తఫా 1970ల మొదట్లో ఒక చిన్న బట్టల కొట్టు. 2003కి వచ్చేసరికి ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే మహా దుకాణం అయింది. రాత్రి రెండింటికి వెళ్లి చెల్లెలి పెళ్లికి గడియారం కొన్నవాళ్లు మనలో ఎంతమంది లేరు!

1970ల చివర నుంచి, ముఖ్యంగా 80ల్లో, సింగపూర్‌లో కట్టడం పనులు బాగా పెరిగాయి. మలేషియా నుంచి వచ్చే కూలీలు చాలక భారత్, బంగ్లాదేశ్, థాయ్‌లాండ్ లాంటి దేశాల నుంచి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. తమిళులే ఎక్కువ, వాళ్లతోపాటు మనవాళ్లు. ఉండేది ఊరి చివర డార్మిటరీల్లో. ఆదివారం వస్తే అందరి దారీ లిటిల్ ఇండియాకే. 2013 నాటికి ఒక ఆదివారం లక్షమంది దాకా అక్కడ చేరేవారని అంచనా.

ఆ గడ్డి మీద ఏం జరిగేది

బయటివాళ్లకు అది తాగుడు గుంపులా కనపడేది. తాగేవాళ్లు ఉన్నారు, లేరని అనను. కానీ అక్కడ జరిగే అసలు పని వేరు. ఒకే ఊరివాళ్లు వేరువేరు కంపెనీల్లో, వేరువేరు డార్మిటరీల్లో ఉంటారు. ఒకడు జురాంగ్‌లో, ఇంకొకడు ఉడ్‌లాండ్స్‌లో. వారంలో వాళ్లు కలవగలిగేది ఆ ఒక్క సాయంత్రమే. ఊళ్లో ఎవరు పోయారు, ఎవరి బోరులో నీళ్లు పడ్డాయి, ఏ కంపెనీలో ఓటీ బాగా ఇస్తున్నారు, ఏ ఏజెంటు మోసగాడు, అన్నీ ఆ గడ్డి మీదే తెలిసేవి. అప్పు కావాలన్నా, పెళ్లి సంబంధం మాట్లాడాలన్నా అక్కడే. మన ఊళ్లో రచ్చబండ చేసే పనిని ఇక్కడ ఆ గడ్డి చేసేది.

స్థానికులకు ఇబ్బంది ఉన్నమాట కూడా నిజం. చెత్త, మెట్ల మీద పడుకోవడం, అపార్ట్‌మెంట్ల కింద గుంపులు. కొన్ని బ్లాకుల కింద ఇనుప కంచెలు వేశారు. 2008లో సెరంగూన్ గార్డెన్స్ అనే పేటలో డార్మిటరీ పెడతామంటే అక్కడివాళ్లు వెయ్యిమందికి పైగా వద్దని సంతకాలు చేశారు. కట్టిన ఇల్లు కావాలి, కట్టినవాడు పక్కన వద్దు. ఈ చిరాకు రెండు వైపులా చాలా ఏళ్లుగా లోలోపల ఉంది.

2013 డిసెంబర్ 8

ఆ రోజూ ఆదివారమే. రాత్రి తొమ్మిది దాటింది. డార్మిటరీలకు తిరిగి తీసుకెళ్లే ప్రైవేటు బస్సుల కోసం జనం క్యూలో ఉన్నారు. తమిళనాడు నుంచి వచ్చిన 33 ఏళ్ల కార్మికుడొకడు, మందు తాగి ఉన్నాడు, జురాంగ్ వైపు వెళ్లే బస్సెక్కాడు. దిగమన్నారు, దిగాడు. బస్సు కదిలింది. అతను పక్కనే చెయ్యి ఆనించి నడుస్తూ వెళ్లాడు. రేస్ కోర్స్ రోడ్డు, హాంప్‌షైర్ రోడ్డు కలిసేచోట బస్సు మలుపు తిరుగుతుంటే తూలి పడ్డాడు. వెనక చక్రం కింద పడి చనిపోయాడు.

జనం చుట్టుముట్టారు. డ్రైవర్‌ని, బస్సులు చూసుకునే ఆవిడని కొట్టడానికి మీదికొచ్చారు. వాళ్లిద్దరూ బస్సులో దాక్కున్నారు. అంబులెన్స్, ఫైర్, పోలీసు వచ్చారు. చక్రం కింద నుంచి మనిషిని తీసేటప్పటికే ప్రాణం లేదు. కానీ జనానికి కనపడింది వేరు. మనవాణ్ని నేల మీద వదిలేసి బస్సులో ఉన్న ఇద్దరినీ కాపాడుతున్నారు అనుకున్నారు. సీసాలు, రాళ్లు, డ్రైనేజీ మూతలు లేచాయి. పోలీసు బండ్లు తలకిందులయ్యాయి. ఒక అంబులెన్స్‌తో సహా ఐదు వాహనాలు కాలిపోయాయి. రెండు గంటల్లో అంతా సద్దుమణిగింది. పోలీసులు తుపాకి పేల్చలేదు. ఆ ప్రమాదంలో పోయిన మనిషి తప్ప ఇంకెవరూ చనిపోలేదు. సింగపూర్‌లో 1969 తర్వాత అంత పెద్ద అల్లరి అదే మొదటిసారి.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. రాళ్లు వేసేవాళ్లను ఆపబోయిన కార్మికులు కూడా ఆ గుంపులోనే ఉన్నారు. వీడియోల్లో వాళ్లూ కనపడ్డారు.

తర్వాత ప్రభుత్వం ఒక విచారణ కమిటీ వేసింది. మాజీ సుప్రీంకోర్టు జడ్జి జి. పన్నీర్ సెల్వం దానికి అధ్యక్షుడు. 2014లో నివేదిక వచ్చింది. ప్రమాదాన్ని, సహాయక సిబ్బంది చేస్తున్న పనిని జనం తప్పుగా అర్థం చేసుకోవడం ఒక కారణం అంది. మందు ఇంకో కారణం అంది. జీతాలు, వసతుల మీద అసంతృప్తి దీనికి కారణం అనడానికి ఆధారం లేదంది. కార్మికుల కోసం పనిచేసే సంఘాలు ఈ చివరి మాటతో ఏకీభవించలేదు.

నాకైతే ఒకటి అనిపిస్తుంది. మనవాణ్ని వదిలేశారన్నది తప్పుడు నమ్మకమే. కానీ అంతమంది ఒక్క క్షణంలో దాన్ని ఎందుకు నమ్మారు? సైట్‌లో దెబ్బ తగిలితే ముందు పని ఆగకూడదన్న మాట విన్నవాళ్లకు, లారీ వెనక సామానుతోపాటు కూర్చుని పనికి పోయేవాళ్లకు, ఆ అనుమానం కొత్తగా నేర్పించాల్సిన పని లేదు. అలాగని అంబులెన్స్ తగలబెట్టడం న్యాయం అయిపోదు. కాలిపోయిన అంబులెన్స్ మనలాంటివాడి కోసం వచ్చిందే.

ఖర్చు ఎవరు కట్టారు

25 మంది భారతీయుల మీద కేసులు పెట్టారు. జైలు శిక్షలు పడ్డాయి, కొందరికి బెత్తం దెబ్బలు కూడా. ఇంకో 57 మందిని, కోర్టు కేసు లేకుండానే, దేశం నుంచి పంపేశారు. వెళ్లిపొమ్మని పోలీసులు చెప్పినా వినలేదన్నది వాళ్ల మీద ఆరోపణ. రాయి వేసినవాడికీ, అక్కడే నిలబడి చూసినవాడికీ మధ్య దూరం అలాంటి రాత్రుల్లో చాలా చిన్నది. అప్పు తీరకముందే విమానం ఎక్కించడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

వెంటనే వచ్చిన వారాంతం లిటిల్ ఇండియాలో మందు పూర్తిగా బంద్. 2015 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చింది. దేశమంతటా రాత్రి 10:30 నుంచి పొద్దున 7 వరకు బహిరంగ ప్రదేశాల్లో తాగకూడదు. లిటిల్ ఇండియా, గేలాంగ్ ప్రత్యేక జోన్లు అయ్యాయి. అక్కడ శనివారం పొద్దున 7 నుంచి సోమవారం పొద్దున 7 వరకు బయట తాగడం నేరం. మా నాలుగు డబ్బాలు పోయింది ఈ చట్టం కిందే. డార్మిటరీల దగ్గర రిక్రియేషన్ సెంటర్లు కూడా పెంచారు. కొట్టు, క్రికెట్ నెట్, డబ్బు పంపే కౌంటర్ అన్నీ అక్కడే. సౌకర్యమే. కానీ టౌన్‌కి రావాల్సిన అవసరం తగ్గించడం కూడా దాని వెనక ఉంది.

తర్వాత కోవిడ్. 2020 ఏప్రిల్‌లో డార్మిటరీలకు తాళం పడింది. మూడు లక్షల ఇరవై వేలమంది పైగా లోపల ఉన్నారు. ఆ ఏడాది చివరికి వాళ్లలో దాదాపు 47 శాతం మందికి ఒకసారైనా వైరస్ సోకిందని పరీక్షల్లో తేలింది. ఊళ్లో మిగతావాళ్లు బయట తిరగడం మొదలుపెట్టాక కూడా మనవాళ్లు లోపలే. 2021 సెప్టెంబర్‌లో వారానికి 500 మందిని టౌన్‌కి పంపే ప్రయోగం మొదలైంది. 2022 జూన్ నుంచి ఆదివారాలు, పండగ రోజులు లిటిల్ ఇండియా లాంటి నాలుగు చోట్లకు పోవాలంటే ముందుగా పాస్ తీసుకోవాలన్నారు. రోజుకు 80,000 పాసులు. ఒకప్పుడు బస్సెక్కితే చాలు అనుకున్న సాయంత్రానికి లెక్క వచ్చింది.

మన మాట

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి నవ్వుతుంటారు. కువైట్‌లో మాలియా, దుబాయ్‌లో దేరా... మీకూ మీ గడ్డి ఉంది. అక్కడి కథ కూడా ఇలాగే ఒక్క రాత్రిలో మారొచ్చు. అందుకే పెద్దన్నలా నాలుగు మాటలు.

కొత్త ఊరికి పోతే ముందు బోర్డు చదవండి, తెలియకపోతే పాతవాళ్లను అడగండి. చివరి బస్సు ఎప్పుడో ముందే తెలుసుకోండి. గుంపులో ఒకడు తాగకుండా ఉండాలి, అందరి కార్డులు, ఫోన్లు వాడి బాధ్యత. తాగినవాణ్ని బస్సు దిగమంటే వాణ్ని ఒక్కణ్నే దింపొద్దు, మీరూ దిగండి. టాక్సీ డబ్బులు పోతే పోనీ. ఆ రాత్రి అతని పక్కన ఒక దోస్తు దిగి ఉంటే ఏమయ్యేదో మనం చెప్పలేం. కానీ నేను ఆ మాట తలుచుకోని ఆదివారం లేదు.

ఎవరైనా పడిపోతే ముందు ఫోన్ చేయండి. సింగపూర్‌లో అంబులెన్స్‌కి 995, మలేషియాలో 999, యూఏఈలో 998, కువైట్‌లో 112. ఒకరు పక్కన ఉండండి, మిగతావాళ్లు దూరం జరిగి దారి ఇవ్వండి. పోలీసు వెళ్లమంటే వెళ్లండి. ఏం జరిగిందో రేపు చెప్పుకోవచ్చు.

మా నిజామాబాద్ తమ్ముడు అప్పు తీర్చి, ఇంకో రెండేళ్లు ఉండి ఊరికి వెళ్లాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు అడిగేది ఒకటే: "అన్నా, ఆదివారం పోతున్నరా గాడికి?" పోతున్నాం తమ్ముడూ. ఇప్పుడు గడ్డి మీద చాయ్ తాగుతున్నాం.

మీ ఊరి సెలవు సాయంత్రం ఎలా ఉంటుందో వాయిస్ మెసేజ్ పంపండి. బాగున్నవి వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.