ఆదివారపు గంట, టెలివిజన్ తెర

వారమునకు దినములు ఏడైనను, బ్రిటిషు ప్రజలకు ఆదివారము తక్కిన ఆరింటివంటిది కాదు. అది విశ్రాంతి దినము. అంతకంటె ముఖ్యముగా ఆరాధన దినము. 1780వ సంవత్సరపు చట్టము ననుసరించి ఆనాడు రుసుము పుచ్చుకొని వినోదములు చూపుట నేరముగా నుండెను. 1932లో సినిమాలకు స్థానికుల సమ్మతిపై కొంత సడలింపు లభించినను, నాటకశాలలకు అట్టి స్వేచ్ఛ 1972 వరకు చిక్కలేదు. అంగళ్లు చాలవరకు మూసియుండెడివి. వేల్సు ప్రాంతమున 1881లో చేసిన చట్టమువలన మద్యశాలలు సైతము తలుపులు వేసికొనెడివి. ఇట్టి నిశ్శబ్ద దినమున, ఇంటిపట్టున కూర్చుండిన కుటుంబము నడుమకు మొదట రేడియో, పిదప టెలివిజన్ ప్రవేశించినవి. అప్పుడొక ప్రశ్న పుట్టెను. ఈ దినముపై అధికారమెవరిది? చర్చిదా, ప్రభుత్వముదా, ఇంటిలోని ప్రేక్షకునిదా? నలువది ఏండ్లకు పైగా ఆ దేశమును వీడని ఈ ప్రశ్న తుదకెట్లు తీరినదో మనమిప్పుడు పరికింతము.

ముందు రేడియో సంగతి. 1927 మొదలు 1938 వరకు బి. బి. సి. డైరెక్టరు జనరలుగా నుండిన జాన్ రీత్ స్కాట్లండు దేశీయుడు, మతాచార్యుని కుమారుడు. ఆదివారమున ఆరాధనలు, మతోపన్యాసములు, గంభీర సంగీతమువంటివి మాత్రమే వినిపింపవలెనని ఆయన పట్టుదల. శ్రోతలు ఏమి చేసిరి? రేడియో కట్టివేయలేదు, ముల్లు త్రిప్పిరి. లక్సెంబర్గు నుండియు, ఫ్రాన్సులోని నార్మండీ నుండియు వాణిజ్య కేంద్రములు ఆంగ్లమున నృత్యసంగీతమును, హాస్యమును ప్రసారము చేయుచుండెను. మన ఇండ్లలోను పేరెరిగిన ఓవల్టీన్ కంపెనీ పిల్లలకొరకు 1935 నుండి లక్సెంబర్గుద్వారా ఆదివారపు కార్యక్రమమొకటి నడిపినది. లండను మౌనము వహించినప్పుడు లక్సెంబర్గు మాటలాడెను. ఈ పాఠమును టెలివిజన్ అధికారులు మరల మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది.

లండనులోని అలెగ్జాండ్రా పాలెస్ నుండి బి. బి. సి. టెలివిజన్ ప్రసారములు 1936 నవంబరు 2వ తేదీన ప్రారంభమయ్యెను. తొలుత ఆదివారము సెలవే. ఆనాటి ప్రసారములు 1938లోగాని మొదలుకాలేదు. యుద్ధము కారణముగా 1939 సెప్టెంబరు 1న మూతపడిన కేంద్రము 1946 జూన్ 7న మరల తెరువబడెను. తరువాతి కాలమున ఆదివారపు రాత్రి నాటకమునకు పేరుగాంచినది. నాటకమును ముందుగా చిత్రించి దాచు సాధనములు అప్పటికి చాలినంతగా లేవు. నటులు స్టూడియోలో ఆడుచుండగనే ప్రేక్షకులు ఇండ్లలో చూచెడివారు. అదే నాటకమును గురువారము మరల చూపవలెనన్నచో, నటవర్గమంతయు తిరిగి వచ్చి మొదటినుండి మరల ఆడవలసినదే.

1954 డిసెంబరు 12, ఆదివారమునాడు ఇట్లే ప్రసారమైన నాటకము పెను దుమారము రేపినది. అది మన బీహారులోని మోతీహారిలో జన్మించిన జార్జి ఆర్వెల్ రచించిన ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ నవలకు నాటకరూపము. ప్రధాన పాత్రధారి పీటర్ కుషింగ్. అందలి చిత్రహింసల దృశ్యములు చూచి పెక్కురు కలవరపడిరి. ముఖ్యముగా ఆదివారపు రాత్రులందు బి. బి. సి. క్రూరమైన అభిరుచులను తృప్తిపరచుచున్నదని నిందించు తీర్మానమును పార్లమెంటు సభ్యులు కొందరు ప్రతిపాదించిరి. అయినను నటులు గురువారము తిరిగి వచ్చి ఆ నాటకమును మరల ఆడిరి.

1955 సెప్టెంబరు 22న ప్రకటనల ఆదాయముపై నడచు ఐ. టి. వి. ప్రారంభమయ్యెను. పోటీ ఏర్పడినది. దానితోబాటు నిబంధనలును పదునెక్కినవి. ప్రసార వేళలను నిర్ణయించు అధికారము పోస్టుమాస్టరు జనరలుది. ఆదివారము మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగింటివరకు పిల్లల కార్యక్రమములు చూపరాదు; చూపినచో సండేస్కూళ్లు ఖాళీయగునని భయము. సాయంకాలము ఆరుంబావు మొదలు ఏడు గంటల ఇరువదియైదు నిమిషములవరకు తెర చీకటిగా నుండవలెను. అది చర్చిలో సాయంకాల ఆరాధన జరుగు వేళ. తరువాత మతసంబంధమైన ప్రసారములకు మాత్రము ఆ వేళలో తావు లభించెను. పనిదినములందు పిల్లలను నిద్రపుచ్చుటకై పాటించిన ఒక గంట విరామము 1957 ఫిబ్రవరిలో రద్దయినను, ఆదివారపు విరామము మాత్రము నిలిచినది.

ఆ విరామము ముగిసిన పిమ్మట జనము తెరల ముందు గుమిగూడెడివారు. ఐ. టి. వి. 1955 సెప్టెంబరు 25న ప్రారంభించిన ‘సండే నైట్ ఎట్ ది లండన్ పల్లాడియం’ అను వినోద కార్యక్రమమునకు గొప్ప ఆదరణ లభించినది. కడపట కళాకారులందరు తిరుగుడు రంగస్థలముపై నిలిచి చేతులూపుచు సెలవు పుచ్చుకొనెడివారు. 1963 అక్టోబరు 13న బీటిల్స్ గాయకబృందము అందు పాల్గొన్నప్పుడు సుమారు కోటిన్నర మంది చూచిరి.

చర్చియు టెలివిజన్‌కు దూరముగా నుండలేదు. 1961 అక్టోబరు 1న కార్డిఫ్‌లోని బాప్టిస్టు ప్రార్థనాలయమునుండి ‘సాంగ్స్ ఆఫ్ ప్రెయిజ్’ అను భక్తిగీతాల కార్యక్రమము మొదలైనది. నడువలేని వృద్ధులకును, రోగులకును చర్చియే ఇంటికి వచ్చినట్లయ్యెను. ఆదివారపు ఉదయమునకును కొత్త పని ఏర్పడినది. 1965 అక్టోబరు 10న బి. బి. సి. భారతదేశమునుండి, పాకిస్తానునుండి వలసపోయిన కుటుంబములకై ‘అప్నా హీ ఘర్ సమఝియే’, అనగా ‘మీ యిల్లే అనుకొనుడు’, అను కార్యక్రమమును ఆరంభించెను. భాష హిందుస్తానీ. మన తెలుగువారు హిందుస్తానీ ఎరిగియుండిననే దానినుండి లాభమొందగలిగిరి. అయినను పరాయిదేశపు తెరపై మనవంటి ముఖములు, మనవంటి మాటతీరు కనబడుట అల్పవిషయము కాదు.

ఇక కథ ములుపు తిరిగిన ఘట్టము. జాన్ గాల్స్‌వర్దీ నవలల ఆధారముగా బి. బి. సి. నిర్మించిన ‘ది ఫోర్‌సైట్ సాగా’ ఇరువదియారు భాగముల ధారావాహిక. 1967లో అది రెండవ చానెలుపై వచ్చినప్పుడు, కొత్తరకపు సెట్లు గలవారు కొందరే గనుక అందరును చూడలేకపోయిరి. 1968 సెప్టెంబరు 8 మొదలు ఆదివారపు సాయంకాలములందు మొదటి చానెలుపై పునఃప్రసారము చేయగా దేశమంతయు దానికి వశమయ్యెను. 1969లో కడపటి భాగమును సుమారు కోటి ఎనుబది లక్షలమంది చూచిరని లెక్క. భక్తులు ఆలస్యము కాకుండ ఇల్లు చేరవలెనని కొన్ని చర్చిలలో సాయంకాల ఆరాధన వేళనే ముందునకు జరిపిరి! ఆరాధనకొరకు ప్రభుత్వము తెరను చీకటి చేసినది. తెరకొరకు ఆరాధనయే తన గంటను మార్చుకొన్నది. చట్టము తెరను మూయగలదు గాని, చర్చిని నింపజాలదని ఇంతకంటె స్పష్టముగా ఏ వాదము చెప్పగలదు?

1972లో మంత్రి క్రిస్టఫర్ చాటవే ప్రసార వేళలపై గల ప్రభుత్వ నిర్బంధములను తొలగించెను. ఆదివారపు సాయంకాలమున మతప్రసారములు చూపు ఆచారము మాత్రము మరికొన్ని ఏండ్లు పరస్పర సమ్మతిపై సాగినది. 1982లో నాలుగవ చానెలు వచ్చినది. 1994లో దుకాణములకును ఆదివారపు అనుమతి లభించెను. క్రమముగా ఆ దినము తక్కిన దినములవంటిదే అయ్యెను.

దీనిని కేవలము స్వేచ్ఛ సాధించిన విజయముగా మనమెంచరాదు. దారులు తక్కువగా నున్నందుననే ఆ కోటి ఎనుబది లక్షలమంది ఒక్క వేళ ఒక్క కథను చూచి, మరునాడు పనిచోట్ల దానినే ముచ్చటించుకొనిరి. నిర్బంధపు గంట పోయిన కొలదిని, అందరును ఒక్కటిగా కూర్చుండు గంటయు పోయినది. ఆలయమున ఘంటానాదము చేసిన పని కూడ ఇదియే గదా: వేరువేరు ఇండ్లవారిని ఒక్క వేళకు ఒక్కచోట చేర్చుట. కొంతకాలము ఆ పని టెలివిజన్ చేసినది. ఇప్పుడు ఎవరి తెర వారిది, ఎవరి వేళ వారిది. ఆదివారముపై అధికారము తుదకు ప్రేక్షకునికే దక్కినది. ఆ దినమున ఇతరులతో కలసి కూర్చుండుటకు వేళ నేర్పరచుకొను భారమును అతనిదే అయినది.