పెంపుడు పిల్లులు – పక్షుల మనుగడ

గాదెల వద్ద ఎలుకల బెడద తీరుతుందని మనిషి చేరదీసిన పిల్లి, కడుపు నిండినా వేట మానదు.

న్యూజీలాండ్‌లోని స్టీఫెన్స్ దీవిలో 1894లో దీపస్తంభం వెలిగింది. ఉద్యోగులతో పాటు పిల్లులూ చేరాయి. అక్కడి ఎగరలేని చిన్న పిట్ట, పిల్లి నోట కరచి తెచ్చిన కళేబరాల వల్ల శాస్త్రలోకానికి తెలియవచ్చి, కొద్ది సంవత్సరాలలోనే అంతరించింది. ఒకే పిల్లి ఆ జాతిని తుదముట్టించిందన్నది కట్టుకథ. అడవిపాలైన పిల్లులు అక్కడ సంతతి పెంచుకున్నాయి. 1925 నాటికి గాని వాటిని నిర్మూలించలేకపోయారు.

అమెరికాలో ఆరుబయట తిరిగే పిల్లులు ఏటా 130 నుంచి 400 కోట్ల పక్షులను చంపుతున్నాయని 2013లో అంచనా వేశారు. అందులో అధికభాగం యజమాని లేని పిల్లుల పనే. పిల్లికూనలను సంచిలో వేసి ఊరి వెలుపల విడిచివస్తే పెరిగేవి అటువంటి పిల్లులే.