మాత్రను మింగిందెవరు?

గుండె జబ్బు మనిషి ఉన్న ఇళ్లలో చాలామందికి డిగాక్సిన్ తెలిసే ఉంటుంది. చిన్న మాత్ర. "వారానికి ఐదు రోజులు వేసుకోండి, రెండు రోజులు మానండి" అని మన డాక్టర్లు తరతరాలుగా చెబుతున్నది ఈ మాత్ర గురించే. అంత జాగ్రత్త ఎందుకంటే, ఇది మందుగా పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము దరిదాపుల్లో ఉంటే చాలు. అంతకు బాగా తగ్గితే గుండె మాట వినదు, పెరిగితే వాంతులు పట్టుకుంటాయి, లయ తప్పుతుంది, చూసిందల్లా పసుపుపచ్చగా కనిపిస్తుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అనే సామెత, నిజానికి ఈ మాత్ర ఎక్కువైనవాడికే బాగా అతుకుతుంది.

ఇంత పదునైన మందు కొందరిలో మంచినీళ్లలా ఎందుకు వృథా అయిపోతోంది? ఈ ప్రశ్న చుట్టూ యాభై ఏళ్లు నడిచిన వెతుకులాట ఇది.

మందు పుట్టుక గురించి ఒక్క మాట. ఊదారంగు గంటల్లాంటి పూలు పూసే ఫాక్స్‌గ్లోవ్ మొక్క ఆకు ఒంటి నీరు దించుతుందని ఇంగ్లండులో విలియం విదరింగ్ 1785లో పుస్తకం రాశాడు. దాని దగ్గరి చుట్టమైన మరో మొక్క ఆకుల నుంచి 1930లో సిడ్నీ స్మిత్ డిగాక్సిన్‌ను వేరుచేశాడు.

మొదటి ఆనవాలు 1968లో దొరికింది. లూచీ, గ్రూబర్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లకు ఒక రోగి తగిలాడు. మామూలు మోతాదులు అతని మీద పనిచేయలేదు, చాలా ఎక్కువ ఇవ్వాల్సి వచ్చింది. ఒంట్లోకి వెళ్లిన మందు ఏమవుతోందని వెతికితే, దాని రూపం కొద్దిగా మారిపోయి ఉంది. డిగాక్సిన్ అణువు ఒక చివర చిన్న వలయం ఉంటుంది. ఆ వలయంలోని జంట బంధానికి రెండు హైడ్రోజన్ పరమాణువులు అదనంగా తగులుకున్నాయి. మార్పు అంతే. కానీ ఆ కాస్త మార్పుతో మందు గుండెను పట్టుకునే శక్తి పోగొట్టుకుంది. ఈ పని చేసిందెవరో మాత్రం తేలలేదు. మందుల్ని మార్చేది ఎక్కువగా కాలేయమే కాబట్టి అనుమానం సహజంగానే అటు పోతుంది.

ఇంతలో ఇంకో నిందితుడు దొరికాడు. న్యూయార్క్‌లో జాన్ లిండెన్‌బామ్ అనే వైద్యుడు నాలుగు రకాల డిగాక్సిన్ మాత్రలను పోల్చి 1971లో ఫలితం ప్రకటించాడు. చీటీ మీద మోతాదు ఒకటే అయినా, రక్తంలోకి చేరేది ఒక రకానికీ ఇంకో రకానికీ ఏడింతల దాకా తేడా. మాత్ర సరిగా కరగకపోతే మందు ఒంటికి పట్టదు. కేసు ఇక్కడే మూసేయవచ్చు: తప్పు తయారీదారుడిది. అయితే మంచి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ కొందరి మూత్రంలో ఆ నిర్వీర్యమైన రూపం కనిపిస్తూనే ఉంది. దాదాపు పదిమందిలో ఒకరిలో అది పెద్ద మొత్తంలో ఉంది. లిండెన్‌బామ్ తన పాత జవాబుతో తృప్తిపడి ఊరుకోలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది అదే.

అతను వేసిన ప్రశ్న తేలికైనదే: మందు ఏ దారిన పోతే ఎక్కువ చెడుతోంది? నరానికి ఎక్కిస్తే చెడేది చాలా తక్కువ. సరిగా ఇంకని నాసిరకం మాత్ర మింగితే చెడేది చాలా ఎక్కువ. నేరం కాలేయానిదైతే ఇలా జరగకూడదు. నరంలోకి ఎక్కించిన మందు నెత్తురుతో పాటు కాలేయానికీ చేరుతుంది కదా. పైపేగులో ఇంకకుండా మిగిలి, కిందికి జారిన మందే చెడుతోందంటే దొంగ పెద్దపేగులో ఉన్నాడన్నమాట. మందును చెడగొట్టే మనుషుల మలాన్ని సీసాలో పెంచి డిగాక్సిన్ కలిపితే అక్కడా అదే మార్పు జరిగింది. మిగతావాళ్ల మలంలో జరగలేదు. చివరి రుజువు కోసం, మందును చెడగొట్టే ముగ్గురికి ఐదు రోజులు ఎరిత్రోమైసిన్ గానీ టెట్రాసైక్లిన్ గానీ ఇచ్చారు. మూత్రంలో ఆ చచ్చురూపం దాదాపు మాయమైంది, రక్తంలో డిగాక్సిన్ రెండింతల దాకా పెరిగింది. 1981లో ఇది అచ్చయింది.

ఆ రెండింతలు అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగను పట్టుకోవడమే ప్రమాదం. దొంగతనాన్ని లెక్కలోకి వేసుకుని మోతాదు పెంచిన రోగికి, దగ్గుకో జ్వరానికో యాంటీబయాటిక్ ఇస్తే దొంగ చస్తాడు, మోతాదు మాత్రం అలాగే ఉంటుంది.

1983లో దొంగ పేరు బయటపడింది: యూబాక్టీరియం లెంటమ్. ఆక్సిజన్ పడని బ్యాక్టీరియా, మామూలు మనుషుల పేగుల్లో మామూలుగా కనిపించేదే. 1935లో దాన్ని మొదట వర్ణించిన ఆర్నల్డ్ ఎగ్గెర్త్ గౌరవార్థం 1999లో ఎగ్గెర్తెల్లా లెంటా అని పేరు మార్చారు. పేరు దొరికింది గానీ ముడి ఇంకా బిగిసింది. ఆ బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన మందు చెడాలని లేదు. పైగా ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పోస్తే అది ఏపుగా పెరుగుతుంది, ఆర్జినిన్ మరీ ఎక్కువైతే డిగాక్సిన్ జోలికే పోదు.

తర్వాతి ఆనవాలు మన దగ్గరిది. చిత్తూరు జిల్లావాళ్లకు పెద్ద జబ్బంటే వేలూరు గుర్తొస్తుంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన వి. ఐ. మథన్‌తో కలిసి లిండెన్‌బామ్ బృందం 1989లో ఒక పోలిక ప్రకటించింది. న్యూయార్క్ వాసులు 186 మందిలో 67 మంది డిగాక్సిన్‌ను చెడగొట్టేవాళ్లు, అంటే నూటికి 36. దక్షిణ భారతీయులు 204 మందిలో 28 మందే, నూటికి 14 లోపు. భారీగా చెడగొట్టేవాళ్లు అక్కడ 26 మంది, ఇక్కడ ఇద్దరు. అసలు ముక్క ఇంకా లోపల ఉంది: మనవాళ్లలోనే పట్నంవాళ్లకూ పల్లెవాళ్లకూ చాలా తేడా. ఆ 28 మందిలో ఎక్కువమంది పట్నంవాళ్లే, పల్లెల్లో బహు కొద్దిమంది. ఒకే ప్రాంతపు మనుషుల్లో ఇంత తేడా ఉందంటే కారణం వంశంలో కాక బతుకు తీరులో వెతకాలి.

తర్వాత చాలా ఏళ్లు ఈ దారిలో పెద్ద అడుగు పడలేదు. ఈలోగా డి.ఎన్.ఏ. చదివే యంత్రాలు చవకయ్యాయి. పేగుల్లో ఎవరెవరున్నారో జాబితాలు రాయడం ఈ శతాబ్దపు మొదటి పదేళ్లలో పెద్ద పనైపోయింది. జాబితాలకు విలువ లేదనను. కానీ డిగాక్సిన్ కథ చాలా ఏళ్ల ముందే చెప్పింది: పేరు తెలిస్తే చాలదు, ఆ జీవి ఏం పని చేస్తోందో తెలియాలి.

పీటర్ టర్న్‌బా, ఎమిలీ బాల్‌స్కస్ బృందాలు 2013లో పట్టుకున్నది ఆ పనినే. ఎగ్గెర్తెల్లా లెంటాలో అన్నీ ఒకటి కావు. మందును చెడగొట్టే రకాల్లో పక్కపక్కన రెండు జన్యువులు ఉన్నాయి, చెడగొట్టని రకాల్లో లేవు. డిగాక్సిన్ తగలగానే ఆ జన్యువులు వందరెట్లకు పైగా చురుకవుతాయి. ఆర్జినిన్ వాటిని అణుస్తుంది. ఈ బ్యాక్టీరియా ఉన్న ఎలుకలకు ప్రొటీన్ ఎక్కువ పెడితే రక్తంలో మందు పెరిగింది. రెండు జన్యువుల్లో ఒక్కటే ఈ పనికి చాలునని 2018లో అదే దారిలో నడిచినవాళ్లు తేల్చారు.

అయితే వేలూరు లెక్క దీనితో కుదరదని నా అభిప్రాయం. పట్నవాసి సాధారణంగా పల్లెవాసికంటే ప్రొటీన్ ఎక్కువే తింటాడు. ఆర్జినిన్ ఒక్కటే కారణమైతే పట్నంలోనే మందు తక్కువ చెడాలి. జరిగింది తలకిందులు. ఏ రకం బ్యాక్టీరియా ఎవరి పేగుకు చేరుతుందన్న ప్రశ్న దగ్గరే ఆ ముడి ఉండవచ్చు. 1989 నాటి మనుషుల మీద దాన్ని ఇప్పుడు తేల్చలేం. మరో మెలిక కూడా ఉంది: క్లారిత్రోమైసిన్ లాంటి మందులు డిగాక్సిన్‌ను బయటికి తోసే మన ఒంటి పంపునే నేరుగా అడ్డుకుంటాయి. కాబట్టి యాంటీబయాటిక్ తర్వాత డిగాక్సిన్ పెరిగిన ప్రతిసారీ నేరం బ్యాక్టీరియా చావుదని రాసేయకూడదు.

ఇది ఒక్క మాత్ర కథే అనుకుంటే పొరపాటు. 2019లో మరో బృందం 76 రకాల పేగు బ్యాక్టీరియాకు 271 మందులు ఇచ్చి చూసింది. వాటిలో 176 మందులను కనీసం ఒక బ్యాక్టీరియా అయినా మార్చేసింది.

మీ ఇంట్లో ఎవరైనా డిగాక్సిన్ వేసుకుంటుంటే, దగ్గుకో పంటి నొప్పికో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ చీటీ కూడా పట్టుకెళ్లండి. యాంటీబయాటిక్ రాయకముందే చూపించండి.